ఒక అంచు మొద్దుబారిన కత్తెర: డైసర్1 రిపోర్టును ఎట్లా చదవాలి

జన్యు పరీక్ష రిపోర్టులో ఒక లైను ఇట్లా ఉంటుంది: "డైసర్1, సి.5125జి>ఏ, పి.ఏఎస్‌పీ1709ఏఎస్‌ఎన్, పేథోజెనిక్" (అంటే జబ్బు తెచ్చేది). దాని కింద రెండు మూడు పేజీల ఇంగ్లిష్. ఇంట్లో ముందుగా పుట్టే మాట "క్యాన్సర్ జీన్ ఉందంట". ఆ మాట సగం తప్పు. డైసర్1 జన్యువు ప్రతి మనిషిలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. అది తయారుచేసే ఎంజైము లేకపోతే పిండమే నిలవదు. సమస్య ఆ ఎంజైము ఉండటంలో లేదు, అది చెడిన తీరులో ఉంది. పూర్తిగా చెడితే ఒక రకం, సగం చెడితే మరో రకం. ఈ జన్యువు విషయంలో సగం చెడటమే ఎక్కువ ప్రమాదం.

ముందు ఆ లైనునే విప్పుదాం. డైసర్1 అనేది 14వ క్రోమోజోమ్ పొడవాటి చేతి మీద, చివరి భాగంలో ఉన్న జన్యువు. దాని ప్రోటీన్ పొడవు 1922 అమైనో ఆమ్లాలు. "సి.5125" అంటే ప్రోటీన్‌గా మారే వరుసలో 5125వ అక్షరం. అక్కడ జి ఉండాల్సిన చోట ఏ వచ్చింది. మూడు అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం. 1708 మూళ్లు 5124, కాబట్టి 5125 అంటే 1709వ అమైనో ఆమ్లానికి మొదటి అక్షరం. లైనులో రెండో సగం చెబుతున్నది కూడా అదే: 1709వ చోట ఆస్పార్టిక్ ఆమ్లం పోయి ఆస్పరాజిన్ వచ్చింది. ఈ చిన్న గుణకారం ఎవరైనా చేసుకోవచ్చు. టైపు చేసేటప్పుడు అంకె తారుమారైతే ఇక్కడే దొరికిపోతుంది.

ఇక ఈ ఎంజైము చేసే పని. జన్యువు నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ అని బడిలో చదువుకున్నాం. కానీ ప్రోటీన్‌గా మారని ఆర్ఎన్ఏలు చాలా ఉన్నాయి. వాటిలో మైక్రోఆర్ఎన్ఏలది ఒకటే ఉద్యోగం: వేరే మెసెంజర్ ఆర్ఎన్ఏల నోరు మూయించడం. ఒక్కోటి 22 అక్షరాల అంత చిన్నది. అయితే అది పుట్టేటప్పుడు అంత చిన్నగా పుట్టదు. వందలు, ఒక్కోసారి వేల అక్షరాల పొడుగు దారంగా పుడుతుంది. ఆ దారం ఒకచోట తన మీద తానే మడతపడి, కొప్పులో గుచ్చే యూ-పిన్ను ఆకారంలో నిలబడుతుంది. రెండు కాళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, పైన మడత. ఆ పిన్నును మొదట కణకేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము, డీజీసీఆర్8 అనే తోటి ప్రోటీన్ సాయంతో, మొదలు నుంచి సుమారు 11 జతల ఎత్తులో కోస్తుంది. మిగిలేది 60, 70 అక్షరాల పిన్ను. కోసినచోట ఒక కాలు రెండో దానికన్నా రెండక్షరాలు పొడుగ్గా బయటికి వస్తుంది. ఆ రెండక్షరాలు పొరపాటున మిగిలినవి కావు, ముందు పనికొస్తాయి. ఎక్స్‌పోర్టిన్-5 ఆ పిన్నును కేంద్రకం బయటికి మోసుకొస్తుంది. అక్కడ డైసర్ కాచుకుని ఉంటుంది.

డైసర్ ఎట్లా కొలుస్తుందో అర్థం కావాలంటే బట్టల దుకాణంలో మీటరు బద్దను తలచుకుంటే చాలు. దుకాణదారు తానులోంచి గుడ్డ కొసను లాగి బద్ద ఒక చివర వేలితో నొక్కిపట్టి, రెండో చివర వరకు చాచి, అక్కడ కత్తెర పెడతాడు. బద్ద మీద గీతలు లెక్కపెట్టడు, బద్ద పొడవే కొలత. డైసర్ కూడా అంతే, అక్షరాలు లెక్కపెట్టదు. దానిలో పాజ్ అనే భాగం పిన్ను కొసను, అదిగో ఆ బయటికొచ్చిన రెండక్షరాలతో సహా, గట్టిగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి కత్తెర ఉన్నచోటికి దూరం మారదు. మనిషి డైసర్‌లో ఆ దూరం 22 అక్షరాలు. గియార్డియా అనే పేగు పరాన్నజీవి డైసర్ ఆకారం 2006లో బయటపడినప్పుడు ఆ బద్ద పొడవు 65 ఆంగ్‌స్ట్రామ్‌లని తేలింది. దాని ముక్కలు 25 అక్షరాలవి. బద్ద పొడుగైతే ముక్కా పొడుగే.

కత్తెర దగ్గరే అసలు సంగతి ఉంది. డైసర్‌లో కోసే అంచులు రెండు, ఆర్ఎన్‌ఏజ్-3ఏ, 3బి. రెండూ ఒకే ప్రోటీన్‌లో పక్కపక్కనే ఒదిగి ఉంటాయి. 3ఏ పిన్ను కుడికాలిని కోస్తుందనుకుంటే, 3బి ఎడమకాలిని కోస్తుంది. ఎడమకాలు అంటే ముందు పుట్టిన వైపు, శాస్త్రవేత్తల భాషలో 5పీ. కుడికాలు 3పీ. రెండు కోతలూ పడితే మడత ఊడిపోయి, రెండు కాళ్లు ఒక చిన్న జతగా విడివడతాయి. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ ఆ జతలోంచి ఒక కాలిని తీసుకుని రెండోదాన్ని పారేస్తుంది. ఆ ఒక్క కాలే మైక్రోఆర్ఎన్ఏ. దానిలో 2 నుంచి 8 వరకున్న అక్షరాలు ఏ మెసెంజర్ ఆర్ఎన్ఏ తోకకు సరిపోతాయో, ఆ మెసెంజర్ పని ఆగిపోతుంది.

డైసర్ అనే పేరు 2001లో పెట్టారు. దుంపను ఒకే సైజు ముక్కలుగా తరిగినట్టు ఆర్ఎన్ఏను తరుగుతుందని ఆ పేరు. మొదట దొరికింది పండ్ల ఈగలో. ఈగకు డైసర్లు రెండు, మనిషికి ఒక్కటే. మొక్కలకు ఇంకా ఎక్కువ, అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కకే నాలుగు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు బొబ్బర తెగులు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మిరప ఆకు ముడుచుకుపోయే ఆ వైరస్ మీద మొక్క చేసే యుద్ధంలో ఈ డైసర్ల తమ్ముళ్లే ముందు వరసలో ఉంటాయి. వైరస్ తక్కువదేం కాదు, వాటి పనిని అడ్డుకునే ప్రోటీన్లను తనవెంటే తెచ్చుకుంటుంది.

మళ్లీ 1709 దగ్గరికి వద్దాం. ఆర్ఎన్ఏ గొలుసు తెగాలంటే 3బి అంచులో మెగ్నీషియం అయాన్లు కూర్చోవాలి. అవి ధనావేశం గలవి. వాటిని పట్టి ఉంచేందుకు ఆ గుంటలో రుణావేశం గల నాలుగు ఆమ్లాలున్నాయి: 1705వ చోట గ్లుటామిక్ ఆమ్లం, 1709, 1810ల దగ్గర ఆస్పార్టిక్ ఆమ్లం, 1813 దగ్గర మళ్లీ గ్లుటామిక్ ఆమ్లం. 1709లో ఆస్పార్టిక్ ఆమ్లం పోయి ఆస్పరాజిన్ వస్తే ఆకారం దాదాపు అదే, కానీ ఆవేశం పోయింది. దాదాపు 2,18,000 డాల్టన్ల ప్రోటీన్‌లో బరువు తేడా ఒక్క డాల్టన్. అంత చిన్న మార్పుకే మెగ్నీషియం పట్టు తప్పుతుంది, 3బి కోయడం మానేస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే మిగతా ఎంజైము అంతా బాగానే ఉంటుంది. కొసను పట్టుకుంటుంది, కొలుస్తుంది, 3ఏ తో కుడికాలిని కోస్తుంది కూడా. ఎడమకాలు మాత్రం మడతకే వేలాడుతూ ఉండిపోతుంది. ఆర్గొనాట్‌కు అది పనికిరాదు.

అంటే కణంలో 3పీ వైపు మైక్రోఆర్ఎన్ఏలు తయారవుతూనే ఉంటాయి, 5పీ వైపువి మాయమవుతాయి. లెట్-7 కుటుంబం 5పీ వైపుదే. పిండ దశలో కణాలను వేగంగా పెంచే హెచ్ఎంజీఏ2, రాస్ లాంటి జన్యువులను బిడ్డ ఎదిగేకొద్దీ కట్టడి చేసేది ఈ లెట్-7. అది లేకపోతే ఊపిరితిత్తి కణమో, అండాశయ కణమో పిండం నాటి వేగంతోనే పెరుగుతూ పోతుంది. గడ్డ అక్కడ మొదలవుతుంది.

మరి రెండు అంచులూ పోతే ఇంకా ఘోరం కావాలి గదా? కాదు. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు కాపీల్లో ఉంటుంది. ఎలుకల్లో డైసర్1 రెండు కాపీలూ పూర్తిగా తీసేస్తే పిండం తొలి రోజుల్లోనే చనిపోతుందని 2003లో చూశారు. క్యాన్సర్ ఎలుకల మీద 2009లో చేసిన పనిలో ఒక కాపీ పోతే గడ్డలు పెరిగాయి, రెండూ పోతే గడ్డల పెరుగుదల దెబ్బతింది. మైక్రోఆర్ఎన్ఏలు అసలే లేని కణం గడ్డకు కూడా పనికిరాదు. సగం చెడిన ఎంజైముతో బతకగలదు, కట్టడి లేకుండా పెరగగలదు. అందుకే డైసర్1 గడ్డల్లో దాదాపు ఎప్పుడూ ఒకే నమూనా కనిపిస్తుంది. ఒక కాపీ పూర్తిగా పోయి ఉంటుంది. రెండో కాపీలో మాత్రం 1705, 1709, 1809, 1810, 1813 అనే కొద్దిచోట్ల ఒక్క అక్షరం మారి ఉంటుంది. చాలా క్యాన్సర్ జన్యువుల్లో రెండు కాపీలకూ తగిలే రెండు దెబ్బలూ ఎక్కడ తగిలినా సరిపోతుంది. ఇక్కడ రెండో దెబ్బ గురిచూసి కొట్టినట్టు ఆ కొద్ది చోట్లలోనే పడాలి. ఈ హాట్‌స్పాట్ సంగతి 2012లో బయటపడింది. కుటుంబాల్లో డైసర్1 మార్పు జబ్బు తెస్తుందని అంతకు మూడేళ్ల ముందే తెలిసింది. 3ఏ లోని 1344వ చోట మార్పు కూడా అదే పని చేస్తుంది. అది ఉన్నది 3ఏ లోనే అయినా, ప్రోటీన్ మడతపడ్డాక 3బి అంచుకు ఆనుకుని కూర్చుంటుంది.

దీంతో పై లైనుకు అర్థం మారుతుంది. 5125 మార్పు గడ్డ రిపోర్టులో ఉంటే అది సాధారణంగా రెండో దెబ్బ. గడ్డలోనే పుట్టి ఉంటుంది, అట్లాంటిది పిల్లలకు పోదు. అసలు ప్రశ్న మొదటి దెబ్బ ఎక్కడిదని. అది రక్తంలో కూడా ఉంటే పుట్టుకతో వచ్చినట్టు. అప్పుడే ఇంటిల్లిపాదికీ సంబంధం ఉంటుంది. గడ్డ పరీక్షలో హాట్‌స్పాట్ దొరికిందని ఫైలు మూసేయడం తరచూ జరిగే తప్పు. రక్తం పరీక్ష చేయకుండా "ఇది వంశపారంపర్యం కాదు" అని చెప్పే వీలు లేదు.

పుట్టుకతో ఒక కాపీ పోయినవాళ్లలో పది మందికి ఎనిమిది మందికి అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. మిగతావాళ్లలో కొత్తగా పుడుతుంది. మన దిక్కున వెంటనే వినబడే మాట "మేనరికం చేసుకున్నరు, అందుకే". ఇక్కడ ఆ మాట నిలబడదు. డైసర్1 మార్పు ఒక్క కాపీలో ఉన్నా చాలు, ఒక్క వైపు నుంచే వస్తుంది, ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. మేనమామను చేసుకున్నా, ఊరుగాని ఊరి సంబంధం చేసుకున్నా ఆ లెక్క మారదు. మేనరికం ఇంట్లో చూడాల్సింది వేరే ఉంది: భార్యాభర్తలిద్దరూ ఒకే అమ్మమ్మ దగ్గరి మార్పును మోస్తున్నారేమో. మోస్తుంటే జన్యు నిపుణులతో ముందే మాట్లాడుకోవాలి.

మార్పు ఉన్నంతమాత్రాన గడ్డ రాదు. ఇంట్లో మొదట జబ్బుతో బయటపడిన మనిషిని పక్కనపెట్టి, మిగతా బంధువుల్లో మార్పు మోస్తున్నవాళ్లను మాత్రమే లెక్కించిన అధ్యయనంలో, పదేళ్ల వయసుకు గడ్డ వచ్చినవాళ్లు సుమారు 5 శాతం, యాభై ఏళ్లకు సుమారు 19 శాతం. ఈ లెక్క తెలియకుండా రిపోర్టు చేతిలో పెట్టడం పద్ధతి కాదు.

ఎక్కువ భయపడాల్సింది ఊపిరితిత్తుల గురించి, అదీ పసితనంలో. ప్లూరోపల్మొనరీ బ్లాస్టోమా అనే గడ్డ మొదట గాలి బుడగల్లా ఉంటుంది. ఆ దశను మొదటి రకం అంటారు. మధ్యస్థంగా ఎనిమిది నెలల వయసుకు బయటపడుతుంది, అప్పుడే తీసేస్తే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. బుడగల గోడల్లో కండ పెరిగితే రెండో రకం, మొత్తం గట్టి గడ్డగా మారితే మూడో రకం. అవి మూడు నాలుగేళ్ల వయసులో కనిపిస్తాయి. మూడో రకంలో ఐదేళ్ల తర్వాత బతికి ఉండేది సగం మందే. చిక్కు ఏమిటంటే మొదటి రకం స్కాన్‌లో పుట్టుకతో వచ్చే మామూలు తిత్తిలాగే ఉంటుంది. చూసి తేడా చెప్పడం కుదరదు. రెండు వైపులా తిత్తులున్నా, ఒకటి కన్నా ఎక్కువున్నా, పసిబిడ్డకు ఉన్నట్టుండి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆయాసం వచ్చినా డైసర్1 పరీక్ష అడగాలి. పెద్ద పిల్లల్లో ఇది నిమోనియా వేషంలో వస్తుంది: జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో ఒక వైపు తెల్లగా. యాంటీబయోటిక్ కోర్సు ఒకటి, రెండోది, ఆ తర్వాత క్షయ మందులు అన్నట్టు నెలలు గడిచిపోతాయి. మందులకు కరగని తెలుపు మీద సీటీ చేయించడం ఆలస్యం చేయకూడదు.

గొంతు గడ్డలు అందరికన్నా ఎక్కువగా కనిపించే గుర్తు. మార్పు మోస్తున్న ఆడవాళ్లలో నలభై ఏళ్లకు దాదాపు 75 శాతం మందికి, మగవాళ్లలో 17 శాతం మందికి థైరాయిడ్‌లో అనేక గడ్డలు వస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మాత్రం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. "అమ్మకు ఆపరేషన్ అయింది, చిన్నమ్మకు అయింది, అయోడిన్ ఉప్పు సరిగా తినక" అని సరిపెట్టుకున్న ఇంట్లో, పదిహేనేళ్ల బిడ్డకు కూడా గడ్డలుంటే అది ఉప్పు సంగతి కాకపోవచ్చు. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు క్యాన్సర్ గురించి మాత్రమే అడిగితే ఈ ఆధారం జారిపోతుంది. గొంతు ఆపరేషన్ల గురించి విడిగా అడగాలి.

ఆడపిల్లల్లో ఇంకొకటి ఉంది. సెర్టోలి-లీడిగ్ అనే అండాశయ గడ్డ మగ హార్మోన్ తయారుచేస్తుంది. నెలసరి ఆగుతుంది, గడ్డం మీద వెంట్రుకలు, గొంతు బొంగురు. ఇవాళ ఈ లక్షణాలు ఎవరు చెప్పినా పీసీఓడీ అని మాత్రలు రాసే అలవాటు ఉంది. పీసీఓడీలో గొంతు మారదు. గొంతు మారిందంటే టెస్టోస్టిరోన్ చూడాలి, స్కాన్‌లో ఒక్క వైపు అండాశయంలో గట్టి గడ్డ ఉందేమో చూడాలి. మూత్రపిండంలో తిత్తుల గడ్డ, కంటి లోపల, ముక్కులో, గర్భాశయ ముఖద్వారంలో, మెదడులో వచ్చే అరుదైన గడ్డలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

పరీక్ష మాటకొస్తే, రక్తానికి ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. గడ్డ కట్టకుండా ట్యూబును మెల్లగా ఎనిమిది నుంచి పది సార్లు తలకిందులు చేయాలి, ఊపకూడదు. వరంగల్ నుంచి హైదరాబాద్ మూడు గంటల దారే, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో పంపొచ్చు, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రిలోని జెనెటిక్స్ విభాగం జన్యు సలహాకు తెలిసిన చోట్లు. అడగాల్సింది ఒక్క సీక్వెన్సింగే (జన్యువు అక్షరాల వరుస చదవడం) కాదు. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోయి ఉంటే మామూలు సీక్వెన్సింగ్‌కు దొరకదు, ఎంఎల్‌పీఏ లాంటి కాపీల లెక్క కావాలి. ఇంకో మెలిక: మార్పు శరీరంలోని కొన్ని కణాల్లోనే ఉండొచ్చు. అప్పుడు రక్తంలో అది పది శాతం కూడా ఉండకపోవచ్చు, శాంగర్ అనే పాత సీక్వెన్సింగ్ పద్ధతి దాన్ని చూడలేదు. ఇట్లాంటి పిల్లల్లోనే హాట్‌స్పాట్ మార్పు పిండ దశలో పుట్టి, చాలా చోట్ల గడ్డలు తెస్తుంది. చిన్న వయసులో రెండు మూడు చోట్ల గడ్డలుండి రక్తం "నార్మల్" వస్తే లోతైన సీక్వెన్సింగ్ అడగాలి.

గడ్డ ముక్క విషయంలో, దాన్ని చెడకుండా దాచే ఫార్మలిన్ ద్రావణం చేసే మోసం తెలిసి ఉండాలి. బఫర్ కలిపిన పది శాతం ఫార్మలిన్‌లో ఒక రోజు ఉంచితే మంచిది. బఫర్ లేని ఫార్మలిన్‌లో రోజుల తరబడి వదిలేస్తే డీఎన్ఏ ముక్కలవుతుంది. అంతే కాదు, ఫార్మలిన్ డీఎన్ఏలోని సి అక్షరాన్ని టి లాగా, ఎదుటి పోగు నుంచి చదివితే జి ని ఏ లాగా చూపిస్తుంది. పేరున్న కొన్ని హాట్‌స్పాట్లు చూడండి: 5113జి>ఏ, 5125జి>ఏ, 5425జి>ఏ, 5437జి>ఏ. అన్నీ జి నుంచి ఏ కే. పాత బ్లాకులో (మైనంలో దాచిన గడ్డ ముక్కలో) రెండు మూడు శాతం పాళ్లలో ఇవి కనిపిస్తే నిజమో, ఫార్మలిన్ గీసిన గీతో తేల్చుకోవాలి. మళ్లీ డీఎన్ఏ తీసి, పాడైన అక్షరాలను తొలగించే ఎంజైము వేసి, రెండోసారి చదివించాలి.

రిపోర్టులో "వీయూఎస్" అని వస్తే అది అర్థం తేలని మార్పు. దాని మీద ఆపరేషన్ నిర్ణయాలు వద్దు, ఇంటివాళ్లందరికీ పరీక్షలూ వద్దు. ఏడాది రెండేళ్లకోసారి ల్యాబ్‌ను అడిగితే చాలు.

నిజంగా మార్పు ఉందని తేలిన బిడ్డకు 2018లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం ఛాతీ ఎక్స్‌రే పుట్టినప్పుడు, ఆ తర్వాత ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు నెలలకోసారి, ఆపైన పన్నెండేళ్ల దాకా ఏటా ఒకసారి. ఛాతీ సీటీ మూడు నుంచి ఆరు నెలల వయసులో ఒకటి, రెండున్నర నుంచి మూడేళ్ల మధ్య ఇంకొకటి. పొట్ట అల్ట్రాసౌండ్ ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆడపిల్లలకు కటి భాగం కూడా కలిపి కనీసం నలభై ఏళ్ల దాకా. థైరాయిడ్ స్కాన్ ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి మూడేళ్లకోసారి. కంటి పరీక్ష మూడేళ్ల నుంచి కనీసం పదేళ్ల దాకా ఏటా. ఇందులో సీటీని వదిలేస్తే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ వరంగల్, హనుమకొండల్లోనే అయిపోతాయి. సీటీ కూడా ఇక్కడే దొరుకుతుంది గానీ, పసిబిడ్డకు రేడియేషన్ డోసు తగ్గించి తీసే చోటే తీయించాలి. పెద్దవాళ్ల సెట్టింగుతో తీసేస్తే అవసరానికి మించిన కిరణాలు పడతాయి.

తల్లికి మార్పు ఉందని ముందే తెలిస్తే, గర్భంలో బిడ్డకు ఏడో నెల దాటాక చేసే స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో పెద్ద తిత్తులున్నాయేమో చూడమని స్కాన్ డాక్టర్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్లు చూసేది ఎదుగుదల, ఉమ్మనీరు. ఎప్పుడో ఆపరేషన్ అయిన బంధువు ఉంటే, ఆ గడ్డ మైనపు బ్లాకు, స్లైడులు ఆసుపత్రిలో ఉన్నాయో లేదో ఇప్పుడే అడిగి తెచ్చి పెట్టుకోవాలి. బ్లాకులను ఎల్లకాలం దాచరు, ఆ బ్లాకు పోతే ఇంట్లో రెండో దెబ్బ ఏదో చూసే దారి మూసుకుపోతుంది.